అరెస్టయిన రోజే పేరు, ఫోటో వేసెయ్యాలా?

వాయిదా_మనిషి:
అరెస్ట్ రోజున ముసుగేసి నిలబెట్టిన ఫోటో, కింద పేరు, తండ్రి పేరు, వీధితో సహా పేపర్లో వేస్తారు. ఐదేళ్లకి కోర్టు నిర్దోషి అని వదిలేస్తే ఆ వార్త ఏ మూలా కనపడదు. కోర్టు అభియోగాలు నమోదు చేసేదాకా పేరు వేయకూడదని నా వాదన. 1996 అట్లాంటా ఒలింపిక్స్ సంగతి చూడండి. బాంబున్న బ్యాగును కనిపెట్టి జనాన్ని దూరం జరిపిన సెక్యూరిటీ గార్డు రిచర్డ్ జువెల్‌నే ఎఫ్‌బీఐ అనుమానిస్తోందని మూడు రోజులకే పేపర్లో వచ్చేసింది, ఇక ఇంటి ముందు కెమెరాలే కెమెరాలు. అక్టోబరులో అతనికి సంబంధం లేదని తేలింది. అసలువాడు ఎరిక్ రుడాల్ఫ్ నేరం ఒప్పుకున్నది 2005లో!

నిప్పురవ్వ:
జువెల్‌ని అసలు అరెస్టే చెయ్యలేదు కదండీ, అది లీకుల గొడవ, మీ రూల్‌కి సాక్ష్యం ఎలా అవుతుంది? పేర్లు దాచడం మొదలెడితే ముందు లాభపడేది పలుకుబడి ఉన్నవాళ్లే. ఫలానావాడు దొరికాడని చదివాకే 'నన్నూ వీడే మోసం చేశాడు' అని మిగతా బాధితులు బయటికొస్తారు. పైగా ఎవర్ని లోపలేశారో ఎక్కడా రాకపోతే పోలీసులకి అడ్డేముంది?

పాత_డెస్కు:
కొన్నాళ్లు పేపర్లో వార్తలు దిద్దే డెస్కులో పనిచేశాను కాబట్టి చెప్తున్నా, పేరు దగ్గర కొట్టుకోవడం అనవసరం, జబ్బు ఇంకోచోట ఉంది. పేజీ వదిలే టైముకి పోలీసుల ప్రెస్ నోట్ వస్తుంది, దాన్నే అటూ ఇటూ తిప్పి రాస్తాం. 'తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు' అనే వాక్యం ఎన్నిసార్లు దిద్దానో! మన దగ్గర పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో ఆ మనిషి మీద రుజువుగా చెల్లదు, 1872 సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ అదే, 2023లో తెచ్చిన కొత్త చట్టంలోనూ అలాగే ఉంచారు. హెడ్డింగ్ మాత్రం 'నేరం ఒప్పుకున్న నిందితుడు'. ఆ మనిషి తరఫు వకీలుకి ఒక్క ఫోన్ కూడా ఉండదు.

1964లో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ అనే యువతి హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసిందీ ఇలాగే. ఆ అంకె పోలీస్ కమిషనర్ ఎడిటర్‌కి చెప్పింది. ఆ కథనంలో లోపాలున్నాయని 2016లో అదే పత్రిక రాసింది, ఈలోపు సైకాలజీ పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కిపోయింది.

నిప్పురవ్వ:
ఒకే నోట్ నమ్ముకుంటే ముప్పని ఒప్పుకుంటా. కానీ ఒక్క రిపోర్టర్ నాలుగైదు స్టేషన్లు చూసుకుంటూ, అందరికంటే ముందు పెట్టాలనే టెన్షన్‌లో వకీళ్ల కోసం ఎక్కడ తిరుగుతాడు?

వాయిదా_మనిషి:
తిరగలేకపోతే పేరు వేయొద్దు, సింపుల్. అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2021లో అదే చేసింది. చిన్న నేరాల వార్తల్లో చివరిదాకా ఎలాగూ ఫాలో అవ్వం కాబట్టి నిందితుల పేర్లు ఇవ్వబోమని ప్రకటించింది. పెద్ద కేసులకి అది వర్తించదు లెండి, మీ పలుకుబడి ఉన్నవాళ్లు తప్పించుకోరు.

పాత_డెస్కు:
ఇది నాకు నచ్చింది. దీనికి ఒకటి కలపండి: పేరు వేస్తే ఎఫ్‌ఐఆర్ నంబర్ డెస్కులో రాసిపెట్టుకోవాలి. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో ఆ నంబర్‌తో వెతికితే కేసు ఎక్కడుందో తెలుస్తుంది, రిపోర్టర్ మారినా పోదు. తీర్పు రాగానే ఆన్‌లైన్‌లో ఉన్న పాత వార్త పైనే ఆ సంగతి పెట్టాలి, ఎందుకంటే పెళ్లి సంబంధమో ఉద్యోగమో వచ్చినప్పుడు జనం పేరు కొట్టి చూసేది ఆ పాత వార్తనే.

నిప్పురవ్వ:
అంత ఓపిక ఏ ఆఫీసులోనూ ఉండదు. తీర్పు కాపీ పంపిస్తే మార్చేలా రూల్ పెడితే అయ్యే పని.

వాయిదా_మనిషి:
పంపేదెవరు మరి? ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగి బయటపడ్డవాడే మళ్లీ కాపీ పట్టుకుని పేపరాఫీసు చుట్టూ తిరగాలా? ఫోటో వేసేముందు అతన్ని ఎవరూ ఏ కాపీ అడగలేదే!