ఫ్రెడీ మెర్క్యురీ వ్యాసం మొలక స్థాయి దాటాలంటే ఏం చేయాలి?

సాగరతీరం (విశాఖపట్నం):
నమస్కారం. బ్రిటిష్ రాక్ సంగీత బృందం క్వీన్ గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ గురించి తెవికీ (తెలుగు వికీపీడియా) కోసం నా ప్రయోగశాలలో (వాడుకరులు చిత్తుప్రతులు రాసుకునే పేజీలో) ఒక చిత్తుప్రతి రాశాను. 1946లో తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌లో ఫరోఖ్ బుల్సారాగా పుట్టినది మొదలు 1991 నవంబరు 24న లండన్‌లో మరణించే వరకు అన్నీ చేర్చాను. అయినా నిన్న ద్వారకానగర్ గ్రంథాలయంలో దాన్ని చదివిన మిత్రుడు ఇది మొలక (సమాచారం చాలని ప్రాథమిక వ్యాసం) కంటే కాస్త మెరుగని మాత్రమే అన్నారు. లోపం ఎక్కడుంది? మొదటి వాక్యంలో ఆయనను భారతీయ గాయకుడు అనవచ్చా?

కొండగాలి:
మీ మిత్రుడి మాట కటువుగా ఉన్నా నిజమే. వ్యాసం నాణ్యతను నిడివితో కొలవరు. మీ ప్రతిలో సగం ఆయన ఎయిడ్స్ అనారోగ్యమే ఆక్రమించగా, 1970లో బ్రయన్ మే, రోజర్ టేలర్‌లతో కలిసి బృందం కట్టడం, మరుసటి ఏడాది జాన్ డీకన్ చేరడం రెండు ముక్కల్లో ముగిశాయి. 1975 నాటి ‘బొహీమియన్ రాప్సొడీ’కి మన పాటల్లోలా తిరిగి తిరిగి వచ్చే పల్లవి లేదని, దాదాపు ఆరు నిమిషాల్లో ఆపెరా నుంచి హార్డ్ రాక్‌కు మారుతుందని, అయినా బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచిందని చెప్పకపోతే ఆయన సంగీతం పాఠకుడికి ఎలా తెలుస్తుంది? మరొకటి: 1985 జూలైలో లైవ్ ఎయిడ్ కచేరీకి ముందే ఆయనకు వ్యాధి సంగతి తెలుసని రాశారు. అది ఆయనపై 2018లో వచ్చిన సినిమాలోని కల్పన. జీవిత చరిత్రలు సాధారణంగా 1987 అని చెబుతాయి. సినిమాను మూలంగా తీసుకోకండి.

పాతవాడుకరి:
‘భారతీయ’ అన్న మాట గురించి. తల్లిదండ్రులు గుజరాత్ మూలాలున్న పార్సీలు. ఆయన మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకుంటూ హెక్టిక్స్ అనే బృందంలో పియానో వాయించారు. 1964లో కుటుంబం ఇంగ్లండు చేరింది. మనవాడని చెప్పుకోవాలనే ముచ్చట నాకూ ఉంది, కానీ మొదటి వాక్యంలో బ్రిటిష్ గాయకుడు, పాటల రచయిత అని రాసి, పార్సీ నేపథ్యాన్ని తరువాతి వాక్యంలో ఇవ్వడం సబబు. వ్యాసం నాణ్యతను సూచించే తరగతిని మాత్రం మీరే వేసుకోకండి. ఆంగ్ల వికీలో ‘మంచి వ్యాసం’ హోదా కోసం కూడా ఆ వ్యాసంలో పెద్దగా చేయివేయని వాడుకరే సమీక్షించాలి. అన్నట్టు, మూడో పేరాలో ‘రాతి సంగీతం’ అని ఉంది; ‘రాక్’ను రాయిగా మార్చిన అనువాద యంత్రం పుణ్యమే అనుకుంటాను.

సాగరతీరం:
నెనరులు. రాతిని తొలగించాను. అనారోగ్యం భాగాన్ని ఒక్క పేరాకు కుదించి, పంచగని రోజులకు విడిగా ఒక విభాగం పెట్టాను. పాట నిర్మాణం గురించిన పేరాకు సరైన మూలం చేర్చాక ప్రధాన పేరుబరికి (అసలు వ్యాసాలుండే చోటికి) తరలిస్తాను. అప్పుడు చర్చాపేజీలో మీరిద్దరూ సమీక్షించాలని మనవి.