నలుగురు కూర్చుంటే చాలు కమాను వణుకుతోంది, ఏం చేయాలి?

చిన్నతీగ:

నమస్తే అండీ. ఉద్యోగంలో చేరాక వయొలిన్ మొదలుపెట్టినదాన్ని. వచ్చే నెల మా టీచర్ తన దగ్గర నేర్చుకునేవాళ్లందరితో ఒక చిన్న కార్యక్రమం పెడుతున్నారు. ఒక గది, మహా అయితే ఇరవై మంది. నా వంతు రెండు పాటలు. మొదటిది బాగా నెమ్మది, రెండోది హుషారైనది. రెండూ చూడకుండానే వచ్చు.

ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఈ మధ్య ఇంటికొచ్చిన చుట్టాలు అడిగితే వాయించాను. వినేవాళ్లు నలుగురే. అయినా పొడవైన స్వరాలు వచ్చేసరికి కుడిచేయి వణికి, కమాను తీగ మీద నిలవలేదు. ఎడమచేతి వేళ్లు చల్లబడి బిగుసుకుపోయాయి. రెండో పాటనైతే ఎంత స్పీడుగా ఎత్తుకున్నానంటే, మధ్యలోకి వచ్చేసరికి వేళ్లు అందుకోలేకపోయాయి.

కాలేజీలో పెద్ద హాల్లో బృందంతో కలిసి పాడినప్పుడు ఈ భయం లేదు. మరి ఇరవై మందికే ఎందుకింత టెన్షన్? అందరూ "వాయించగా వాయించగా అదే పోతుంది" అంటున్నారు. నాకున్నది ఒక్క నెల. ఒకరు మాత్ర వేసుకోమని కూడా చెప్పారు. నిజంగా పనికొచ్చేది ఏమైనా ఉంటే చెప్పండి.

మంద్రస్థాయి:

నేనూ వయొలినే వాయిస్తాను. ఎక్కువగా ఇలాంటి చిన్న గదుల్లోనే. ముందుగా ఇరవై మందికే ఎందుకింత టెన్షన్ అన్న మీ ప్రశ్నకే వస్తాను. చిన్న గది తేలిక అనుకోవడంలోనే తిరకాసు ఉంది. పెద్ద హాల్లో లైట్లు మన కళ్ల మీద పడతాయి, ఎదురుగా చీకటి తప్ప మనుషులు కనబడరు. పైగా మీరు బృందంలో ఒకరు, మీ గొంతు పక్కవాళ్ల గొంతులో కలిసిపోతుంది. గదిలో అలా కాదు. మొదటి వరుస నాలుగడుగుల దూరంలో ఉంటుంది. ఎవరు తల ఊపుతున్నారో, ఎవరు ఫోన్ చూస్తున్నారో అన్నీ తెలుస్తుంటాయి. అందులో సగం మంది మనల్ని ఎరిగినవాళ్లే. కాబట్టి ఇరవై మందికే ఇలా అయిపోతున్నానేంటని కుంగిపోకండి. చాలామంది చేయి తిరిగినవాళ్లకు కూడా ఇదే కష్టమైన చోటు.

రెండో సంగతి, భయం పోయేదాకా ఆగితే ఎప్పటికీ వాయించలేం. చెల్లో వాయిద్యంలో ఇరవయ్యో శతాబ్దపు మహా విద్వాంసుల్లో ఒకరైన పాబ్లో కసాల్స్‌ను (1876–1973) జీవితాంతం కచేరీకి ముందు భయం వదల్లేదు. తొంభై దాటాక కూడా ఆయన వేదిక ఎక్కారు. భయంతో ఉండి కూడా వాయించగలగడం అనేది విడిగా నేర్చుకోవాల్సిన పని. ఆ ప్రాక్టీసు మనలో చాలామంది చేయరు. రోజూ చేసేది పాట ప్రాక్టీసు మాత్రమే.

అది ఎలా చేయాలంటే, రోజుకు ఒక్కసారి, ఇంకా చేతులు వేడెక్కక ముందే, వయొలిన్ పెట్టెలోంచి తీసి శ్రుతి చూసుకుని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి. గది బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రండి. పాట పేరు పైకి చెప్పండి. మొదటి నుంచి చివరిదాకా ఏం జరిగినా ఆగకుండా వాయించండి. ఆ రోజుకి ఆ పాటకి అదొక్కటే అవకాశం. బాగా రాలేదని వెంటనే రెండోసారి ఎత్తుకోవద్దు, మిగతా ప్రాక్టీసు తర్వాత చేసుకోండి. గదిలో ఒక్కరే ఉన్నా ఎర్ర చుక్క వెలగగానే గుండె కొట్టుకోవడం మారుతుంది, చూడండి. మనకు కావాల్సింది ఆ మార్పే. అప్పుడప్పుడు మెట్లు గబగబా ఎక్కి దిగి, ఆయాసం తగ్గకముందే కమాను పట్టుకోండి. గుండె దడదడలాడుతుంటే చేయి ఎలా ఉంటుందో అప్పుడే తెలిసొస్తుంది, ఆ రోజున కొత్తగా అనిపించదు.

ఇక వణుకు. కంగారులో ఒంట్లో పుట్టే అడ్రినలిన్ అనే రసాయనం ఎక్కువైతే కండరాలు బిగుస్తాయి, సన్నని వణుకు వస్తుంది, చర్మం వైపు రక్తం తగ్గి వేళ్లు చల్లబడతాయి. భయపడిన ఎవరికైనా జరిగేదే. నెమ్మది పాటలో ఇది ఎక్కువగా బయటపడటానికి కారణం, కమాను తేలిగ్గా, నిదానంగా కదలడం. పైగా కమాను కర్ర మధ్యభాగానికి సహజంగానే ఎగిరే గుణం ఎక్కువ. అందుకే మొదటి స్వరాన్ని గాల్లోంచి దించకండి. కమానును ముందే తీగ మీద, మీ చేతికి దగ్గరగా ఉన్న వైపు ఆనించి ఉంచండి. చేయి బరువు తీగ మీదికి దిగనివ్వండి. ఊపిరి నెమ్మదిగా వదులుతూ, వదులుతున్న ఊపిరితోనే కమాను లాగండి. ఇంట్లో వాయించే దానికంటే కాస్త ఎక్కువ కమాను, కాస్త నిండైన శబ్దం. చాలామంది భయంలో శబ్దం తగ్గించేస్తారు, దాంతో వణుకు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. ఒకసారి కుడిచేతి బొటనవేలు కూడా చూసుకోండి. అది కర్రకు ఎదురు నొక్కి గట్టిగా నిలబడిపోయిందా, మణికట్టు నుంచి భుజం దాకా అంతా బిగుసుకుపోతుంది. వాయించేటప్పుడు ఆ ఒక్క వేలు కొంచెం వంగి ఉందా లేదా అన్నది గమనించుకున్నా చాలు.

స్పీడు గురించి. టెన్షన్‌లో మనకు మామూలుగా అనిపించే వేగం నిజానికి ఎక్కువే ఉంటుంది. రెండో పాట మొదలుపెట్టే ముందు, అందులో మీకు అన్నిటికంటే కష్టమైన వరుసను మనసులో పాడుకోండి. అది హాయిగా పాడగలిగే వేగం ఏదో, అదే పాట మొత్తానికి వేగం. మొదటి వరుసను బట్టి వేగం పెట్టుకుంటే, అది తేలిక కాబట్టి, పరుగే.

గాలిపాట:

నాది పాట. కమాను సంగతి తెలియదు గానీ, ఎదురుగా కూర్చున్న ముఖాల సంగతి బాగా తెలుసు. మన కంగారు అందరికీ కనిపించిపోతోందని మనకు అనిపిస్తుంది చూశారా, అది చాలావరకు నిజం కాదు. 2003లో సావిట్స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ల మీద ఇదే పరీక్షించారు. లోపలి భయం తాము అనుకున్నంతగా బయటికి కనిపించదని ముందే ఎవరికి తెలియజేశారో వాళ్లు, ఆ మాట విననివాళ్లకంటే బాగా మాట్లాడారు. నాకు ఇది చదివినప్పుడు ఎంత ఊరటగా అనిపించిందో!

ఇంకో పరిశోధన పాటకే సంబంధించింది. 2014లో హార్వర్డ్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించారు. పాడబోయే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవాళ్లు, "నాకు భయంగా ఉంది" అన్నవాళ్లకంటే మెరుగ్గా పాడారు. గుండె దడ రెండిట్లోనూ ఉండేదే కాబట్టి, దాన్ని అణచుకోవడం కంటే దానికి ఇంకో పేరు పెట్టడం తేలిక. "శాంతంగా ఉండు, శాంతంగా ఉండు" అనుకోవడం నాకెప్పుడూ పనిచేయలేదు. ఇది పనిచేస్తోంది.

చూడకుండా వాయిస్తానన్నారు కదా, స్వరాలు రాసిన కాగితం ఎదురుగా పెట్టుకోవడానికి మొహమాటపడకండి. బార్బ్రా స్ట్రైసాండ్ అంతటి గాయని 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో పాడుతూ మాటలు మర్చిపోయారు. ఆ భయంతో చాలా ఏళ్లు టికెట్ కచేరీలకే దూరంగా ఉన్నారు. 1994లో తిరిగి వచ్చినప్పుడు పాటల మాటలు కనిపించే తెరలు ఎదురుగా పెట్టుకున్నారు.

నాడి:

నేను డాక్టర్‌ని, సరదాకి ఫ్లూట్ ఊదుతాను. మాత్ర ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇది చెప్పి తీరాలి. మీకు చెప్పినవాళ్లు బహుశా ప్రొప్రనొలాల్ గురించి అని ఉంటారు. అది బీటా బ్లాకర్ అనే రకం మందు. గుండె మీద, కండరాల మీద అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది, అందుకే దడ, వణుకు తగ్గుతాయి. సంగీతకారుల్లో దీని వాడకం కొత్తదేమీ కాదు. ఇదే రకానికి చెందిన ఆక్స్‌ప్రెనలాల్‌ను తీగవాద్యాలు వాయించేవాళ్ల మీద పరీక్షించిన ఫలితాలు 1977లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

అయినా స్నేహితులు ఇచ్చారని వేసుకోవద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది ప్రమాదకరం, ఊపిరి అందకుండా చేయగలదు. నాడి బాగా నెమ్మదిగా ఉన్నవాళ్లు, బీపీ తక్కువగా ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలి. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో, చక్కెర పడిపోతున్నప్పుడు వచ్చే దడ, వణుకు లాంటి హెచ్చరికలను ఇది కప్పేస్తుంది. మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ రాసిస్తేనే, అదీ ముందు ఒక మామూలు రోజున వేసుకుని చూశాకే. కార్యక్రమం రోజున మొదటిసారి వేసుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంకోటి, ఇది చేయి వణుకును ఆపుతుంది గానీ "అందరూ ఏమనుకుంటారో" అన్న ఆలోచనను ఆపదు. ఇరవై మంది ముందు రెండు పాటలకైతే, పైన చెప్పినవన్నీ చేశాక కూడా వీలుకాకపోతేనే నా దగ్గరికి రమ్మంటాను.

ఆ రోజు కాఫీ, టీ ఎప్పటికంటే ఎక్కువ తాగకండి. చల్లబడిన వేళ్లకు గోరువెచ్చని నీళ్లు చాలు, చేతులు ముంచి పూర్తిగా తుడుచుకుని వెళ్లండి.

చిన్నతీగ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. నిన్న రికార్డింగ్ పెట్టి చూశాను, నిజంగానే చేయి వణికింది! ఇంట్లో ఒక్కదాన్నే ఉండి వణకడం ఇదే మొదలు. రెండు సందేహాలు. మధ్యలో మర్చిపోతే ఏం చేయాలి? నెమ్మది పాటే ముందు వాయించాలా?

మంద్రస్థాయి:

వణికిందంటే మంచి వార్తే. వణుకు ఇంట్లోనే దొరికింది కాబట్టి ఇక దాంతోనే ప్రాక్టీసు చేయొచ్చు.

మర్చిపోవడం గురించి. చేతి అలవాటు మీదే పాట గుర్తుంటే, మధ్యలో తెగినప్పుడు మొదటికి వెళ్లడం తప్ప దారి ఉండదు. అందుకే పాటలో నాలుగైదు చోట్లు ఎంచుకోండి. పల్లవి మళ్లీ వచ్చే చోటు, చరణం ఎత్తుగడ, వరుస మారే చోటు, ఇలాంటివి. ప్రతి చోటా ఏ తీగ, ఏ వేలు, కమాను కిందికా పైకా అన్నది మాటల్లో చెప్పగలగాలి. తర్వాత ఆ చోట్ల పేర్లు చీటీల మీద రాసి, ఏది చేతికొస్తే అక్కడి నుంచి మొదలుపెట్టండి. ముందు చికాకుగా ఉంటుంది, రెండు వారాల్లో కుదురుతుంది. ఆ రోజు తెగిందా, వెనక్కి వెళ్లకండి, ముందున్న చోటికి దూకేయండి. తాళం ఆగకపోతే వినేవాళ్లలో చాలామందికి తెలియను కూడా తెలియదు. తెలిసినవాళ్లు మీ వైపే ఉంటారు.

వరుస గురించి మీ టీచర్‌నే అడగండి, నా అభిప్రాయమైతే హుషారైనదే ముందు. కొట్టుకుంటున్న గుండెకు ఎక్కువ కదిలే పాట కావాలి. పెద్ద పెద్ద కమాన్లు లాగేసరికి చేయి వదులవుతుంది. నెమ్మది పాట తప్పనిసరిగా ముందే రావాలంటే, దాని ముందు ఒకే స్వరాన్ని నిండు కమానుతో నాలుగుసార్లు లాగి శ్రుతి సరిచూసుకోండి. మీరు చేయి సర్దుకుంటున్నారని ఎవరూ అనుకోరు. రెండు పాటల మధ్య కూడా వెంటనే ఎత్తుకోకండి. కమాను దించి, భుజాలు వదిలేసి, మళ్లీ శ్రుతి చూడండి. గది వేడికి తీగలు ఎలాగూ కొంచెం దిగి ఉంటాయి.