చెక్ ఇంజిన్ లైటు: ఆక్సిజన్ సెన్సర్ మార్చినా మళ్లీ వచ్చింది, ఇప్పుడేం చూడాలి?

పాతబండి14

అందరికీ నమస్తే. నా పెట్రోల్ కారుకి పద్నాలుగేళ్లు, 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ వణుకుతోంది, స్టీరింగ్ పట్టుకుంటే చేతికి తెలుస్తుంది, ఐదారు నిమిషాలు నడిపాక చాలావరకు సర్దుకుంటుంది. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతోంది, ఒక్కసారి మాత్రం ఎత్తు ఎక్కుతుంటే టపటపా కొట్టుకుంది. స్కాన్ చేస్తే పి0171, పి0302 అని రెండు కోడ్‌లు. మెకానిక్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నాడు, మార్చాం, కోడ్‌లు చెరిపేశాడు, రెండు రోజులు లైటు రాలేదు, హమ్మయ్య అనుకున్నాను. మూడో రోజు పొద్దున మళ్లీ అవే రెండు. ఇప్పుడు స్పార్క్ ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిల్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, ఫ్యూయల్ పంపు వరసగా మార్చి చూద్దాం అంటున్నాడు. ఇలా మార్చుకుంటూ పోతే ఎక్కడ ఆగుతామో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇది మా ఇంటికి వచ్చిన మొదటి కారు, ఇంకొన్నేళ్లు నడపాలని ఉంది. బ్లూటూత్ స్కానర్ కొన్నాను, దాంట్లో ఏం చూడాలో చెప్పండి.

రెంచి_పది

అన్నా, ముందు ఆ కొట్టుకోవడం సంగతి. లైటు నిలకడగా ఉంటే నెమ్మదిగా ఇంటికి చేరొచ్చు, కానీ కొట్టుకుంటే ఆ క్షణమే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి, ఆగకపోతే బండి పక్కకి ఆపండి. సిలిండర్‌లో మండని పెట్రోలు పొగ గొట్టంలోకి పోయి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, ఆ వేడికి లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ కరిగిపోతుంది. అప్పుడు చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది.

ఇక పి0171 అంటే సెన్సర్ పోయిందని కాదు, గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ అయిందని ఇంజిన్ కంప్యూటర్ లెక్క. పాత సెన్సర్ బహుశా ఉన్నదే చెప్పింది, జ్వరం చూపించిందని థర్మామీటర్ మార్చినట్టయింది. పి0302 అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్ అవుతోందని, అంటే అందులో పెట్రోలు సరిగ్గా మండట్లేదని. ఎందుకో అది చెప్పదు.

స్కానర్‌లో లైవ్ డేటాకి వెళ్లి షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకెలు; మొదటిది అప్పటికప్పుడు, రెండోది కొన్నాళ్లుగా నేర్చుకున్నది) రెండూ కలిపి చూడండి. ఒకసారి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా), ఇంకోసారి 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర అలాగే పట్టుకుని. రెండూ కూడితే ప్లస్ 10 శాతం దాటిందంటే కంప్యూటర్ బాగా ఎక్కువ పెట్రోలు పోస్తోందని అర్థం. ఐడిల్‌లో ఎక్కువ ఉండి రేజ్ చేస్తే తగ్గితే ఎక్కడో దొంగగాలి లాగుతోంది, ఎందుకంటే ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం, అందులో చిన్న లీకు కూడా పెద్ద వాటా. అదే రేజ్ చేసి లోడ్ పడేకొద్దీ పెరిగితే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, గాలి కొలిచే మాఫ్ సెన్సర్ వైపు చూడాలి. కొన్ని బండ్లలో మాఫ్ ఉండదు, ఇంటేక్ మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌కి గాలి తీసుకెళ్లే గొట్టాల్లో) ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ మాత్రమే ఉంటుంది, వాటిలో ఈ లెక్క ఇంత స్పష్టంగా రాదు, మీది ఏదో చెప్పండి.

కోడ్‌లు మాత్రం మళ్లీ చెరపకండి, ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, స్పీడు, లోడ్ ఎంతో అందులో ఉంటుంది. చెరిపితే అది కూడా పోతుంది.

బోనెట్_కింద

పైన చెప్పింది కరెక్ట్, ఒక్కటి కలుపుతాను. మిస్‌ఫైర్ అయిన సిలిండర్‌లో ఆక్సిజన్ వాడకుండానే బయటికి పోతుంది కదా, సెన్సర్ దాన్ని చూసి గాలి ఎక్కువైంది అంటుంది. అంటే పి0302 వల్లే పి0171 వచ్చి ఉండొచ్చు, లేదా గాలి లీకు వల్లే మిస్‌ఫైర్ వచ్చి ఉండొచ్చు. ఏది ముందో తేల్చకుండా ఏ పార్టూ కొనొద్దు.

తేల్చడం సులువే. రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దాంట్లో పెట్టి, మూడో దాన్ని రెండులో పెట్టండి (ఒకటో నంబరు ఏ వైపు నుంచో మీ బండి పుస్తకంలో చూసుకోండి). ప్లగ్‌లు అప్పుడే కదపొద్దు, రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. కోడ్ పి0303కి మారితే కాయిల్ దొంగ. మారకపోతే అదే పద్ధతిలో ప్లగ్. కాయిల్ తీసినప్పుడు దాని రబ్బరు బూటు లోపల టార్చి వేసి చూడండి, వెంట్రుకలాంటి సన్నటి నల్ల గీత ఉంటే కరెంటు అక్కడి నుంచే పక్కకి పోతోంది.

గాలి లీకు కోసం కార్బ్ క్లీనర్ కొట్టమని చాలామంది చెబుతారు, వేడి ఇంజిన్ మీద అది నిప్పు అంటుకుంటుంది, దయచేసి చేయొద్దు. గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడి నుంచి బయటికొస్తుందో చూసే స్మోక్ టెస్ట్ చేసేవాళ్లు దొరికితే అదే మంచిది. పైగా చల్లటి ఇంజిన్ మీదే వెతకండి, గట్టిపడిన రబ్బరు వేడెక్కాక ఉబ్బి బీటని మూసేస్తుంది, మీకు ఐదారు నిమిషాలకి సర్దుకోవడం అందుకే కావచ్చు.

వాన_వైపర్

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నాదీ పాత బండే. బ్యాటరీ, ఏబీఎస్, స్టీరింగ్ లైట్లు మూడూ ఒక్కసారిగా వెలిగి ఆరిపోతున్నాయి. మూడూ ఒకేసారి పాడవుతాయా?

రెంచి_పది

సాధారణంగా పాడవ్వవు. ముందు మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ దగ్గర 12.6 చుట్టూ ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే చాలా బండ్లలో 13.5 నుంచి 14.5. నడుస్తున్నప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) బ్యాటరీని చార్జ్ చేయట్లేదు. వోల్టేజీ బాగానే ఉండి లైట్లు మినుకుమంటుంటే బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజిన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ విప్పి తుప్పు గీకి బిగించండి. ఎర్ర నూనె డబ్బా గుర్తు వెలిగితే మాత్రం ఇవేవీ చూస్తూ కూర్చోవద్దు, వెంటనే ఇంజిన్ ఆపేయండి, అది ఆయిల్ ప్రెషర్ లైటు. డిప్‌స్టిక్‌లో ఆయిల్ నిండుగా ఉన్నా ప్రెషర్ లేకపోవచ్చు.

పాతబండి14

అప్‌డేట్. నాది మాఫ్ ఉన్న బండే. ఐడిల్‌లో రెండు ట్రిమ్‌లూ కలిపి ప్లస్ 24, 2,500 దగ్గర ప్లస్ 5. కాయిల్ మార్చి పెట్టాను, కోడ్ పి0302 గానే ఉంది. ప్లగ్ మార్చి పెట్టినా అదే. దాంతో ఈ రోజు పొద్దున చల్లటి ఇంజిన్ మీద టార్చితో ఇంటేక్ మానిఫోల్డ్ వెనక వైపు వెతికాను. రెండో సిలిండర్ గొట్టం మీద వాడని చిన్న ముక్కు ఒకటి ఉంది, దానికి వేలికొనంత రబ్బరు టోపీ. ముందు నుంచి బాగానే కనిపిస్తుంది, వెనక అడ్డంగా పగిలి నోరు తెరుచుకుని ఉంది. స్టార్ట్ చేసి ఆ పగులు మీద వేలు పెట్టగానే సిస్ అనే శబ్దం ఆగింది, వణుకు ఆగింది, ఫోన్‌లో షార్ట్ టర్మ్ అంకె కళ్లముందే దిగిపోయింది. వేలు తీస్తే మళ్లీ మొదలు. మెకానిక్‌ని పిలిచి చూపించాను, ఆయన కూడా వేలు పెట్టి చూసి, సెన్సర్ విషయంలో తొందరపడ్డానని ఒప్పుకున్నాడు.

కొత్త టోపీ పెట్టాను. అలాంటిదే ఇంకో టోపీ ఉంది, నొక్కితే పెంకులా గట్టిగా ఉంది, అదీ మార్చేశాను. రేపు పొద్దున చల్లటి స్టార్ట్ చూసి, లాంగ్ టర్మ్ ట్రిమ్ ఎంతకి దిగిందో చెబుతాను.

బోనెట్_కింద

చాలా సంతోషం అన్నా. లాంగ్ టర్మ్ ఒక్కరోజులో పూర్తిగా దిగకపోవచ్చు, కంగారు పడకండి, కొన్ని రోజులు మామూలుగా నడపండి. తీసిన పాత సెన్సర్ ఉంటే పారేయకండి.