భూటాన్ వదిలి వెళ్ళిన టీచర్లు, నర్సుల లెక్క ఎలా తీయాలి?

ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం భూటాన్ నుంచి ఆస్ట్రేలియాకు చదువుకున్నవాళ్ళ వలస మీద పనిచేస్తున్నాను. 8 లక్షల జనాభా కూడా లేని దేశం అది. ఒక బడిలో లెక్కల టీచరు, సైన్సు టీచరు ఒకే ఏడాది పెర్త్ వెళ్ళిపోతే వాళ్ళ స్థానంలోకి మనిషి దొరకడం చాలా కష్టం. అందుకే ఈ లెక్క సరిగ్గా తేలాలి.

ముందు ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలుండే ఆర్థిక కూటమి) వలస డేటాబేస్ చూశాను. అది పుట్టిన దేశాన్ని బట్టి లెక్కిస్తుంది. దాంతో 1990ల్లో భూటాన్‌ నుంచి వెళ్ళగొడితే నేపాల్ శిబిరాల్లో ఏళ్ళ తరబడి ఉండి, 2007 తర్వాత అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాలకు చేరిన లోత్‌షంపా (నేపాలీ మూలాలున్న భూటాన్ వాళ్ళు) శరణార్థులు కూడా అందులో కలిసిపోయారు. ఉద్యోగం వదిలి వెళ్ళినవాళ్ళతో వాళ్ళను కలపడం అన్యాయం.

తర్వాత ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో 2017 నుంచి వచ్చినవాళ్ళనే తీసుకున్నాను. శరణార్థులు చాలావరకు తగ్గారు గానీ, ఆ లెక్క 2021 ఆగస్టుతో ఆగిపోతుంది. వలస ఊపందుకుంది 2022లో సరిహద్దులు తెరిచాకే. వీసా లెక్కలు పట్టుకుంటే ఇంకో చిక్కు: చాలామంది స్టూడెంట్ వీసా మీద వెళ్తారు, వెంట భార్యో భర్తో డిపెండెంట్‌గా. ఏళ్ళ సర్వీసున్న నర్సు కూడా అక్కడ స్టూడెంటే. భూటాన్ సివిల్ సర్వీస్ కమిషన్ నివేదికల్లో రాజీనామాలు దొరికాయి, వెళ్ళిన దేశం మాత్రం కనబడలేదు.

2022 తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళిన భూటాన్ వాళ్ళ పాత ఉద్యోగం, వీసా రకం రెండూ కలిపి చూపించే పట్టిక ఎక్కడైనా ఉందా?