పాత అచ్చు పుస్తకాలు, తాళపత్రాలు: కేటలాగు రికార్డు 655 ఫీల్డులో పదాలు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

మహేంద్రతనయ:
నమస్కారమండీ. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక గ్రంథాలయానికి ఒక పాత ఇంటి పుస్తకాలు దానంగా వచ్చాయి. చాలావరకు 1936కి ముందు బరంపురం, మద్రాసుల్లో అచ్చయిన తెలుగు పుస్తకాలు, వాటితో రెండు పెట్టెల తాటాకులు. కోహాలో (గ్రంథాలయ సాఫ్ట్‌వేర్) మార్క్ రికార్డులుగా ఎక్కిస్తున్నాం; మార్క్‌లో ప్రతి వివరానికీ ఒక అంకె ఉన్న ఫీల్డు ఉంటుంది. పేరు, కర్త, విషయం వరకు ఇబ్బంది లేదు. లోపలి ముద్రలు, చేతిరాతలు, తోలు బైండింగుల దగ్గరే తేడాలొస్తున్నాయి. ఒకరు 500లో (సాధారణ నోట్) ‘స్టాంపు ఉంది’ అని రాస్తారు, ఇంకొకరు 650లో ‘రాజముద్ర’ అని పెడతారు. తర్వాత వెతికితే సగం దొరకవు. ఆర్‌బీఎంఎస్ (అమెరికా గ్రంథపాలకుల అరుదైన పుస్తకాలు, రాతప్రతుల విభాగం) పదకోశం వాడమని సలహా వచ్చింది. మన పుస్తకాలకు అది పనికొస్తుందా? తాటాకుల సంగతేమిటి?

పాతఅచ్చు:
పనికొస్తుందండీ, కాకపోతే అదొక్కటే చాలదు. పుస్తకం దేని గురించో చెప్పేది 650, చేతిలో ఉన్న వస్తువు ఏమిటో చెప్పేది 655. ‘రాజముద్ర’ 650లో పెడితే అది రాజముద్రల మీద రాసిన పుస్తకమని అర్థం.

655లో రెండో ఇండికేటర్ (ఫీల్డు మొదట్లోని గుర్తు అంకె) 7 వేసి, పదం ఏ జాబితాలోదో సబ్‌ఫీల్డ్ (ఫీల్డులోని ఒక భాగం) 2లో కోడ్ ఇవ్వాలి. ఆర్‌బీఎంఎస్‌కి ఒకప్పుడు బైండింగు, కాగితం, యాజమాన్యం అంటూ విడివిడి జాబితాలు, వేటికవే కోడ్‌లు ఉండేవి. ఇప్పుడు అన్నీ ఒకటే, కోడ్ ఆర్‌బీఎంఎస్‌సీవీ. బయటి నుంచి దించుకున్న రికార్డుల్లో ఆర్‌బీబిన్ (బైండింగు), ఆర్‌బీప్రావ్ (యాజమాన్యం) కోడ్‌లు కనబడితే అవి పాతవి. కోడ్ ఒక్కటే మార్చి ఊరుకోవద్దు, పదం రూపం కూడా కొత్త జాబితాలో సరిచూడండి.

ఒక ప్రతి తీసుకుందాం. వీపుకీ మూలలకీ తోలు, మిగతా అట్టకి మార్బుల్ కాగితం. మొదటి పేజీలో గ్రంథకర్త సిరాతో రాసిన సమర్పణ, కింద సంతకం. 563లో బైండింగు మీ మాటల్లో రాయండి: తోలు రంగు, ఎక్కడ చిరిగింది, మళ్లీ కుట్టారా లేదా. 561లో ఆ చేతిరాతను తెలుగులోనే, తేదీతో సహా ఉన్నదున్నట్టు ఎత్తిరాయండి. పుచ్చుకున్నవారి పేరు 700లో, పూర్వ యజమాని అన్న సంబంధంతో. 655లో మూడు వరుసలు: ప్రెజెంటేషన్ కాపీస్ (కానుకగా ఇచ్చిన ప్రతులు), ఇన్‌స్క్రిప్షన్స్ (చేతిరాతలు), హాఫ్ బైండింగ్స్ (వీపుకీ మూలలకీ తోలు). వీపుకి మాత్రమే తోలుంటే అది క్వార్టర్, హాఫ్ కాదు. ఈ రెండూ తరచూ తారుమారవుతాయి.

ఈ మూడూ ఆ ఒక్క ప్రతికే చెందుతాయి, కనుక సబ్‌ఫీల్డ్ 5లో మీ సంస్థ కోడ్ తప్పనిసరి. అది లేకుండా రికార్డు ఉమ్మడి కేటలాగుకి వెళ్తే, ఆ ముద్రణలోని అన్ని ప్రతుల మీదా ఆ సంతకం ఉన్నట్టవుతుంది. పంచాంగం, శతకం వంటి ప్రక్రియల పేర్లకు మాత్రం సబ్‌ఫీల్డ్ 5 వద్దు.

జాబితాలో లేని పదాన్ని మీరే తయారుచేసి దానికి ఆర్‌బీఎంఎస్‌సీవీ కోడ్ తగిలించకండి. హరికథకు అక్కడ సరిపోయే పదం లేకపోతే ‘లోకల్’ కోడ్‌తో మన పదమే పెట్టండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. దగ్గరగా ఉందని వేరే ఇంగ్లిష్ పదం కింద తోసేస్తే హరికథ కోసం వెతికేవారికి ఆ పుస్తకం కనబడదు.

ఊళ్ల పేర్లూ జాగ్రత్త. 264లో (ప్రచురణ వివరం) పుస్తకం మీద ఎలా ఉంటే అలాగే. 752లో దేశం, రాష్ట్రం, ఊరు ఒకే స్థిరరూపంలో. మన బరంపురాన్నీ బెంగాల్లోని బహరంపూర్‌నీ పాత ఇంగ్లిష్ ముఖపత్రాల్లో దాదాపు ఒకేలా రాసేవారు. ప్రెస్సు పేరు, ధర పక్కన చిరునామా చూడనిదే రాష్ట్రం వేయకండి. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది, గజపతి జిల్లా ఏర్పడింది 1992లో. పాత ముద్రణ వివరంలో ‘గజపతి జిల్లా’ అని మనం చేర్చకూడదు.

గంటం:
తాటాకుల గురించి. వస్తువులు, పదార్థాల పేర్లకు గెట్టీ సంస్థ వారి ఏఏటీ (కళలు, వాస్తుశిల్పాల పదకోశం) విస్తృతంగా ఉంటుంది, కోడ్ కూడా ఏఏటీయే. మన సరిహద్దులో అసలు చిక్కు భాష, లిపి వేరువేరుగా ఉండటం. ఒరియా లిపిలో సంస్కృతం ఉంటుంది, తెలుగు కూడా ఉండొచ్చు. లిపి చూసి భాష కోడ్ వేయకండి. రెండు మూడు ఆకులు చదివించి 041లో భాష, 546 సబ్‌ఫీల్డ్ బీలో లిపి ఇవ్వండి. ఒకే కట్టలో రెండు మూడు కృతులు ఉంటాయి, చివరి ఆకు దాకా తిప్పి చూడాలి. 300లో ఆకుల సంఖ్య, పొడవు వెడల్పులు సెంటీమీటర్లలో. చెక్కపలకలు, దారపు రంధ్రాలు ఎన్నో నోట్‌లో. తాటాకో శ్రీతాళమో తేలకపోతే ‘తాళపత్రం’ అని ఆపేయండి.

తేదీ దగ్గర మరీ జాగ్రత్త. గద్యలో (గ్రంథం చివరి ముగింపు వాక్యాలు) గజపతుల అంకం (ఒడిశా రాజుల పాలనా సంవత్సరం లెక్క) ఉంటే అది పాలన సంవత్సరాల వరస లెక్క కాదు. 1నీ, 6తో ముగిసేవాటినీ, 10 తప్ప సున్నాతో ముగిసేవాటినీ వదిలేస్తారు. 47వ అంకం అంటే 38వ ఏడు. ఏ రాజు అంకమో గద్యలో తేలితేనే క్రీస్తుశకం వేయండి. ‘రక్తాక్షి’ వంటి సంవత్సరం పేరొక్కటే ఉంటే 1864-65, 1924-25 రెండూ కుదురుతాయి. వేరే ఆధారం లేకుండా ఒకటి ఎంచుకోకూడదు.

కోహాపని:
కోహాలో పదాలు చేత్తో టైపు చేయనివ్వకండి. ప్రతి పదానికీ 155తో అథారిటీ రికార్డు (పదం స్థిరరూపాన్ని నిర్ణయించే రికార్డు) చేసి 655ని దానికి కలపండి. ‘తాళపత్రాలు’ స్థిరరూపమైతే ‘తాళపత్ర గ్రంథాలు’, ‘తాటాకు పుస్తకాలు’ వంటి మారురూపాలు 455లో. సబ్‌ఫీల్డ్ 2కి ఆథరైజ్డ్ వాల్యూస్‌తో (కోహాలో ముందే పెట్టుకునే విలువల జాబితా) డ్రాప్‌డౌన్ పెట్టండి. చివర ఫుల్‌స్టాప్ ఉన్నా, తెలుగు టైపింగులో కంటికి కనబడని జీరో విడ్త్ అక్షరం దూరినా అదే పదం ఫలితాల పక్కన రెండుసార్లు కనిపిస్తుంది.

మహేంద్రతనయ:
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ముద్ర అరిగిపోయి పేరు చదవలేకపోతే?

పాతఅచ్చు:
ముద్ర ఆకారం, రంగు, కొలత, చదవగలిగిన అక్షరాలు 561లో. 655లో పదం వేయొచ్చు, ముద్ర ఉన్నమాట నిజమే కదా. 700లో మాత్రం ఊహించి ఏ జమీందారు పేరూ పెట్టకండి. ఫొటో తీసి 856లో లింకు ఇస్తే, అదే ముద్ర స్పష్టంగా ఉన్న ఇంకో ప్రతి దొరికిన రోజున పోల్చి పేరు చేర్చవచ్చు.