‘శనివద్రాహుః’లో ఆ ‘వత్’కు అర్థం ఏమిటి?

పెన్నాతీరం (ప్రొద్దుటూరు)
మా జేజినాయన జాతకం చూసేటప్పుడు ఒక మాట అనేవాడు. నా చెవిలో మిగిలింది ఇంతే: "శని వద్ద రాహువు, కుజుని వద్ద కేతువు." దీనికి ముందో వెనకో ఇంకొక ముక్క ఉండేది, అది ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. "శనివద్రాహుః కుజవత్కేతుః" మీ అందరికీ తెలిసిందే. ఆయన అన్నది దానికి తెలుగు చేసిన మాటా, లేక వేరే సూత్రమా?

మా అక్క కూతురి జాతకంలో శని, రాహువు ఒకే రాశిలో ఉన్నారు. శని సంప్రదాయం, రాహువు మార్పు, ఇద్దరికీ పడదు, ఈ పిల్ల ఏ ఇంట్లోనూ కుదురుకోదు అని ఎవరో చెప్పారట. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. పడని వాళ్లయితే ‘శనివత్’ అని పెద్దలు ఎందుకన్నారు? ముందూ వెనకా ఉన్న ముక్క ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

గండికోట (జమ్మలమడుగు)
‘వద్ద’ కాదు, ‘వత్’. రేఫ (ర కారం) పరమైనప్పుడు త కారం ద కారమై ‘శనివద్రాహుః’ అయింది. క కారం ముందు మారలేదు కనుక ‘కుజవత్కేతుః’ అలాగే నిలిచింది. ఆ ‘వద్’ను తెలుగు చెవి ‘వద్ద’గా పట్టుకుంది. శనిలాగా రాహువు, కుజుడిలాగా కేతువు. అంతకుమించి ఇందులో చర్చ లేదు.

కదిరిమల్లె (అనంతపురం)
చర్చ ఉంది సార్. ప్రొద్దుటూరు పెద్దాయన మాటల్లో ‘వద్ద’ ఎక్కడిది? మన వైపు ‘తావ’ అంటారు, ‘కాడ’ అంటారు, మరీ అయితే ‘దగ్గర’ అంటారు. "శని తావ రాహువు" అని ఉంటే అది ఆయన తెలుగే అని నమ్మేదాన్ని. ‘వద్ద’ వినిపించిందంటే ఆయన సంస్కృతమే చదివారు, మనవడు తెలుగుగా విన్నాడు.

పెన్నాతీరం
అక్కా, ఇంట్లో ఆయన మాట వేరు, పంచాంగం విప్పినప్పుడు మాట వేరు. కూలివాళ్లతో ‘తావ’ అనే మనిషే తిథి చెప్పేటప్పుడు పూర్తిగా పుస్తకం భాషలోకి వెళ్లిపోయేవాడు. పైగా ‘కుజవత్’ అని ఉంటే ‘కుజుని వద్ద’ అని ఎలా వినిపిస్తుంది? ఆ ‘ని’ స్పష్టంగా విన్నాను.

హంద్రీవాసి (కర్నూలు)
‘వద్ద’ను అంత సులువుగా కొట్టేయకండి. శాస్త్రం దాని పక్షానే ఉంది. లఘుపారాశరి అనే జ్యోతిష గ్రంథంలో చూడండి:

యద్యద్భావగతౌ వాపి యద్యద్భావేశసంయుతౌ
తత్తత్ఫలాని ప్రబలౌ ప్రదిశేతాం తమోగ్రహౌ

రాహుకేతువులు ఏ భావంలో (జాతకంలోని ఇంట్లో) ఉంటే దాని ఫలం, ఏ భావాధిపతితో కలిస్తే అతని ఫలం బలంగా ఇస్తారు. వాళ్లకు సొంత ఇల్లు లేదు, సొంత శరీరమూ లేదు. చేరిన చోటును బట్టే వాళ్ల పని. గురువు వద్ద ఉంటే గురుఫలం, శని వద్ద ఉంటే శనిఫలం. అలాంటప్పుడు ఎక్కడున్నా ‘శనివత్’ అంటే ఈ శ్లోకానికే విరుద్ధం. ‘శని వద్ద రాహువు’ అంటే సరిగ్గా అతుకుతుంది. పెద్దాయన తెలిసే మార్చి చెప్పి ఉంటారని నా అభిప్రాయం.

గండికోట
విరుద్ధం కాదు. ఒకటి సామాన్యం, ఒకటి విశేషం. ఎవరితోనూ కలవనప్పుడు శనివత్. కలిస్తే పారాశరి చెప్పినట్టు.

‘వత్’ సంగతి వ్యాకరణమే తేల్చాలి. పాణిని 5.1.115: "తేన తుల్యం క్రియా చేద్వతిః." పోలిక క్రియలో ఉంటేనే ఈ వతి ప్రత్యయం. ‘బ్రాహ్మణవదధీతే’ అంటే బ్రాహ్మణుడిలా చదువుతున్నాడని, బ్రాహ్మణుడిలా ఉన్నాడని కాదు. అదే లెక్కన రాహువు శనిలా పనిచేస్తాడు, శనిలాంటి వాడు కాడు. పెన్నాతీరం గారి ఇంటి గొడవకు సమాధానం ఇక్కడే ఉంది. స్వభావాలు వేరైనా పని ఒకటి కావచ్చు.

రవ్వలకొండ (బనగానపల్లె)
అది వతి ప్రత్యయం అని ముందే ఎందుకు అనుకోవాలి సార్? ‘గల’ అనే అర్థమిచ్చే మతుప్ ప్రత్యయం కూడా ఉంది కదా. ధనవత్ అంటే ధనం గల. శనివత్ అంటే శని గల, శనితో కూడిన. శనితో కూడిన రాహువు. హంద్రీవాసి అన్న ‘వద్ద’ అర్థం సంస్కృతంలోనే దొరుకుతుంది.

గండికోట
రాహువు పుంలింగం. మతుప్ అయితే ఇకారం తర్వాత ‘శనిమాన్ రాహుః’ కావాలి, ‘బుద్ధిమాన్ పురుషః’ లాగా. ‘శనివత్’ అని ఉందంటే అవ్యయమే. ఆ దారి మూసుకుపోయింది.

హంద్రీవాసి
వ్యాకరణం దారి మూసినా గ్రహాల దారి తెరిచే ఉంది. సార్ చెప్పిన ‘క్రియ’నే పట్టుకుంటాను. గ్రహానికి మొదటి క్రియ నడక. శని పేరే శనైశ్చరుడు, మెల్లగా నడిచేవాడు. రాశికి రెండున్నరేళ్లు, చక్రం తిరగడానికి దాదాపు 30 ఏళ్లు. రాహువు రాశికి ఏడాదిన్నర, అదీ వెనక్కి. శని మేషం నుంచి వృషభానికి పోతే రాహువు వృషభం నుంచి మేషానికి వస్తాడు. ఇంత ఎదురు నడకలు ఉన్నవాళ్లను క్రియలో తుల్యం అంటే ఎలా ఒప్పుకోవాలి?

ఎదురెదురుగా నడుస్తారు కాబట్టే సుమారు 11 ఏళ్లకు ఒకసారి కలుస్తారు. 2002లో వృషభం, 2013లో తుల, 2025లో మీనం. దృక్ పంచాంగం ప్రకారం 2025 మార్చి 29న శని మీనంలో అడుగుపెట్టాడు, మే 18న రాహువు మీనం వదిలి కుంభంలోకి వెనక్కి జరిగాడు. ఆ మధ్య ఇద్దరూ ఒకే రాశిలో. కుంభం ఎవరిది? శనిది. శని వచ్చేసరికి రాహువు లేచి శని ఇంట్లోకే వెళ్లి కూర్చున్నాడు. పడని వాళ్లు అంటే నేను ఒప్పుకోను. కొందరు కుంభానికి శనితోపాటు రాహువుకూ, వృశ్చికానికి కుజుడితోపాటు కేతువుకూ ఆధిపత్యం చెప్పేది ఊరికే కాదు.

గండికోట
ఇక్కడ క్రియ అంటే ఫలదానం, నడక కాదు. ‘ఫలం దదాతి’ (ఫలం ఇస్తాడు) అనే క్రియ అధ్యాహారం, అంటే వాక్యంలో లేకున్నా మనం తెచ్చుకోవాలి.

కదిరిమల్లె
అధ్యాహారం మన ఇష్టప్రకారం తెచ్చుకుంటే ఎవరి వాదమైనా నెగ్గుతుంది సార్. దానాల వైపు చూడండి. శనికి నువ్వులు, రాహువుకు మినుములు, మన ఉద్దులు. నల్ల నువ్వులు, నల్ల ఉద్దులు. కుజుడికి కందులు, కేతువుకు ఉలవలు. రెండూ పొట్టు మీద ఎర్రన తిరిగినవే. ‘వత్’ పోలిక రంగులో ఉందని నేను ఎప్పటినుంచో అనుకుంటున్నాను. నవగ్రహాల దగ్గర తొమ్మిది రకాల ధాన్యం పోసి చూస్తే ఈ సూత్రం కంటికే కనిపిస్తుంది.

రవ్వలకొండ
నాకు దశల్లో కనిపిస్తుంది అక్కా. వింశోత్తరి దశల లెక్కలో కుజుడికి 7 ఏళ్లు, కేతువుకు 7. శని 19, రాహువు 18. కుజవత్కేతుః అక్షరాలా సరి, శనివద్రాహుః ఒక్క ఏడాది తక్కువ.

హంద్రీవాసి
అదే లెక్కన గురువు 16, బుధుడు 17. బుధవద్గురుః అని ఎవరూ అనలేదే! నక్షత్రాలు చూస్తే మాత్రం ఆలోచించాల్సిందే. రాహు నక్షత్రం స్వాతి తులలో ఉంది. శనికి పరమోచ్చ (పూర్తి బలం పొందే చోటు) తులలోనే 20వ భాగ (డిగ్రీ), అంటే స్వాతి చివరి అంచు. రాహువు నక్షత్రం దాటబోయే చోట శని ఉచ్చ పూర్తవుతుంది. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

పెన్నాతీరం
ఇవన్నీ పోలికలే. అందరూ ‘వత్’ వైపే పోతున్నారు. సంప్రదాయం, మార్పు అనే మాట సంగతేమిటి?

కదిరిమల్లె
ఆ పంపకమే తప్పు. ఆచారానికి, ధర్మానికి కారకుడు గురువు. శని ఆయుస్సుకు, కర్మకు, శ్రమకు కారకుడు. శని చేసేది ఆలస్యం, పరీక్ష. ఆచారాన్ని కాపాడేవాడిగా శనిని చూపించడం నేను పాత తెలుగు జ్యోతిష పుస్తకాల్లో చూడలేదు. రాహువు బయటి దేశాలకు, కొత్త దారులకు కారకుడన్నది నిజం. సంప్రదాయం ఒకవైపు, మార్పు ఒకవైపు పెట్టి చూడాలనుకుంటే గురురాహువుల్ని చూడాలి.

వాళ్లిద్దరూ కలిస్తే పెట్టిన పేరు చూడండి, గురుచండాల యోగం. ఆ పేరు వింటేనే నాకు మనసు ఒప్పదు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామి ముస్లిం అయిన సిద్దయ్యనూ, దళితుడైన కక్కయ్యనూ శిష్యులుగా చేర్చుకున్నారు. గురువు దగ్గరికి బయటివాడు రావడం దోషమే అయితే ఆ మఠానికి అర్థమే లేదు. జాతకం చెప్పేవాళ్లు ఈ పేరు వదిలేయాలి.

రవ్వలకొండ
అక్కా, ఆ మాటకు దండం. కాలజ్ఞానం రాసింది మా రవ్వలకొండ గుహలోనే అని ఇక్కడ చెప్పుకుంటారు. అందుకే నా పేరు ఇలా పెట్టుకున్నాను.

ఇంకొకటి అడగాలని ఉంది. యాగంటిలో కాకి వాలదని అందరికీ తెలుసు. అగస్త్యుడి శాపం. కాకి శని వాహనం కాబట్టి శని కూడా ఆ కొండలోకి రాడని చెప్తారు. శనివద్రాహుః నిజమైతే రాహువు కూడా యాగంటి బయటే ఆగాలి కదా? అలా ఎవరైనా చెప్పగా విన్నారా?

కదిరిమల్లె
నేను వినలేదు. నీ ప్రశ్న వెనకాల ఇంకో ప్రశ్న ఉంది తమ్ముడూ. మా వైపు శనికి పావగడ పోతారు, రాహుకేతువులకు శ్రీకాళహస్తి పోతారు. పనిలో ఇద్దరూ ఒకటే అయితే రెండు ఊళ్లు ఎందుకు? జనం నడిచే దారులు చూస్తే ‘వత్’ పూర్తి పోలిక కాదని తెలుస్తుంది.

గండికోట
రాహువు కథ పోతన అష్టమ స్కంధంలో ఉంది, చదవండి. అమృతం పంచేటప్పుడు పంక్తి మారి దేవతల వరుసలో కూర్చున్నాడు. సూర్యచంద్రులు సైగ చేశారు, తల తెగింది. అయినా అమృతం గొంతు దాకా చేరింది కనుక తల మిగిలింది. వరుస మార్చినవాడు శిక్షపడ్డాక గ్రహాల వరుసలోనే చోటు సంపాదించాడు. మార్పు గురించి మాట్లాడాలంటే ఇంతకన్నా మంచి కథ లేదు. మా ఒంటిమిట్ట పోతన చేతిలో పడితే ఏ కథకైనా ప్రాణం వస్తుంది.

హంద్రీవాసి
కథ సరే సార్, ‘మా ఒంటిమిట్ట’ అన్నారు చూడండి, దానికి మాత్రం ఒప్పుకోలేను. పోతన ఊరు బమ్మెర ఓరుగల్లు దగ్గర ఉంది. ఆయనదని చెప్పే ఏకశిలానగరం అంటే ఓరుగల్లే. ‘ఓరుగల్లు’లో ‘ఒక కల్లు’ (ఒక రాయి) కనిపించడం లేదా?

గండికోట
‘ఒంటిమిట్ట’లో ‘ఒంటి’ కనిపించడం లేదా? కోదండరాముడి గుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలిశారు, అందుకే ఏకశిలానగరం. పోతన తన కావ్యాన్ని ఏ రాజుకూ ఇవ్వక రాముడికి ఇచ్చాడు. ఆ రాముడు ఏ గుడిలో ఉన్నాడో కడప జిల్లాలో పసిపిల్లలను అడిగినా చెప్తారు.

కదిరిమల్లె
ఇద్దరూ ఆగండి సార్. ఒంటిమిట్ట పేరు వచ్చింది కాబట్టి గ్రహాల మాటే ఒకటి చెప్తాను. అన్ని చోట్లా రామకల్యాణం పగలు, అక్కడ మాత్రం రాత్రి, వెన్నెల్లో. తనకు చూసే భాగ్యం లేదని చంద్రుడు మొర పెట్టుకుంటే రాముడు వరమిచ్చాడని చెప్తారు. పగటి ఆచారం పగటి ఆచారంగానే ఉంది, ఒక ఊరు రాత్రికి మారింది. దాన్ని ఎవరూ దోషం అనలేదు.

హంద్రీవాసి
మాకూ ఒక జ్ఞాపకం ఉంది అక్కా. 2020 నవంబర్ 20న గురువు మకరంలో ప్రవేశించగానే కర్నూల్లో తుంగభద్ర పుష్కరాలు మొదలయ్యాయి. మకరం గురువుకు నీచ (బలం తగ్గే రాశి), శనికి స్వక్షేత్రం (సొంత ఇల్లు), శని అప్పటికే అక్కడ ఉన్నాడు. నెల తిరిగాక, డిసెంబర్ 21న ఆకాశంలో ఇద్దరూ ఒకే చుక్కలా కనిపించేంత దగ్గరికి వచ్చారు. కరోనా ఏడాది కావడంతో పుష్కరాలు ఆంక్షల మధ్యే జరిగాయి. నీచలో ఉన్న గురువు, తన ఇంట్లో ఉన్న శని పక్కన. వద్ద, తావ, కాడ, ఏ మాట వాడినా సరే, చేరిన చోటే ఫలాన్ని మారుస్తుంది అన్న నా మాట దీనివల్ల ఇంకా గట్టిపడింది.

గండికోట
‘వద్ద’ను మళ్లీ దొడ్డిదారిన తెచ్చారు. 5.1.116 కూడా రాస్తున్నాను, చదివి మాట్లాడండి. "తత్ర తస్యేవ." ‘మథురావత్ స్రుఘ్నే ప్రాకారః’, మథురలో ఉన్నట్టే స్రుఘ్నంలో ప్రాకారం. ఇక్కడ పోలిక క్రియలో లేదు, నిజమే. కానీ సప్తమీ షష్ఠులకు మాత్రమే ఈ వీలు. ‘రాహుః’ ప్రథమలో ఉంది కనుక 115 ఒక్కటే వర్తిస్తుంది.

రవ్వలకొండ
సార్, అదే సూత్రంతో కేతువు దగ్గరికి రండి. ఇంతసేపూ అందరూ రాహువు మీదే ఉన్నారు. కుజుడు యుద్ధానికి, భూమికి, రక్తానికి కారకుడు. కేతువు మోక్షకారకుడు. కత్తి పట్టేవాడికీ అన్నీ వదిలేసేవాడికీ క్రియలో పోలిక ఏమిటి? శని, రాహువులకు మీరు అధ్యాహారంతో సర్ది చెప్పారు, ఇక్కడ ఏ క్రియ తెస్తారు?

గండికోట
తెంచడం. కుజుడు బయట తెంచుతాడు, కేతువు లోపల తెంచుతాడు.

పెన్నాతీరం
సార్, ‘తెంచు’ అనగానే గుర్తొచ్చింది. మా జేజినాయన మాటలో ముందు ముక్క ‘తెగిన’ అనే మాటతో మొదలయ్యేది. "తెగిన..." ఆ తర్వాత ఏముందో అందడం లేదు. తల తెగిందనా? కేతువుకు తల లేదు కదా, మొండెం గురించా? ఈ మాటతో మొదలయ్యే పద్యం గానీ సామెత గానీ మీ ఇళ్లల్లో ఎవరైనా అంటారా?

హంద్రీవాసి
‘తెగిన’ కాకపోవచ్చు అన్నా. ‘తగిన’ అయి ఉంటుంది. "తగిన శని వద్ద..." అని తీసుకుంటే నా అర్థమే వస్తుంది.

కదిరిమల్లె
రాదు. ‘తెగిన’ అనే ఆయన విన్నారు, ఆ ‘తె’ను ముట్టుకోవద్దు.