సమస్య: "పాము కొఱకు గ్రద్ద వార్ధిఁ జొచ్చె"

మిత్రులారా, మా ఫ్లాట్ లాసన్స్ బే వైపు, అయిదో అంతస్తు. పొద్దున్న కాఫీ తాగుతూ పెదజాలారిపేట పడవలు ఒడ్డుకు రావడం చూస్తుంటాను. పడవల వెనకే గద్దలూ వస్తాయి. మొన్న వాటిలో రెండు మీటర్ల రెక్కల తెల్లపొట్ట సముద్రపు గద్ద ఒకటి, రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుని, మా బాల్కనీకి సమానమైన ఎత్తులో వెళ్లింది. కాళ్లలో మెలికలు తిరుగుతున్న పాము! అక్కడ పుట్టిందీ సమస్య. ఆటవెలది నాలుగో పాదం. పామేమిటి, సముద్రమేమిటి అని అడ్డు తగలకుండా పూరించండి.

గాజువాక మాస్టారు:

తోక చీలినట్టి దొర గరుడుండిట
యమ్మ చెఱను బాప నమృతమైన
తెచ్చె, నేడు పిల్ల తిండికై వెదకెడి
పాము కొఱకు గ్రద్ద వార్ధిఁ జొచ్చె.

భీమిలి అక్క:

ఊపిరికయి పైకి నుబికి వచ్చినదొక
కడలి పాము, దానిఁ గాంచి దవ్వు
నుండి తెల్ల పొట్ట నురగలఁ దాకించి
పాము కొఱకు గ్రద్ద వార్ధిఁ జొచ్చె.

మధురవాడ తమ్ముడు (కొత్తగా చేరాను, తప్పులుంటే చెప్పండి):

కాళ్ళనొప్పి బామ్మ పడకపై నుండియే
కేక వేసెఁ జూడు కిటికి తెరచి
యదిగొ మెలిక లున్న వది చేప గాదింక
పాము కొఱకు గ్రద్ద వార్ధిఁ జొచ్చె!

నా మాట:

మాస్టారూ, వినత దాస్యం విడిపించడానికి అమృతం తెచ్చిన కథనూ, పిల్ల ఆకలినీ ఒక్క శ్వాసలో కలిపారు. నాకు చాలా నచ్చింది. కానీ మనం గరుడపక్షి అని దణ్ణం పెట్టే ఇటుకరంగు ఒంటి, తెల్ల తల పక్షికి తోక చీలి ఉండదు, గుండ్రంగా ఉంటుంది. చీలిన తోక ఊళ్లో తిరిగే మామూలు నల్ల గద్దది. ఫిషింగ్ హార్బర్ మీద రెండూ కలిసే ఎగురుతాయి, తోక చూస్తే దూరం నుంచి కూడా తేడా తెలుస్తుంది. "చీలినట్టి" తీసి "గుండ్రనైన" పెట్టండి. గణాలు చెదరవు, యతీ నిలుస్తుంది.

అక్కా, మీ పూరణలోనే సమస్యకు అసలు జవాబుంది. సముద్రపు పాము చేపలా నీళ్లలో ఊపిరి తీసుకోలేదు, గాలి కోసం పైకి రావలసిందే. అక్కడే గద్దకు చిక్కుతుంది. "నురగలఁ దాకించి" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఈ గద్ద నీళ్లలో మునగదు, వాలుగా దిగి పైపైన గోళ్లతో ఎత్తుకుపోతుంది. కాళ్లు ముందుకు చాపి దబ్బున నీళ్లలో పడేది చలికాలంలో వచ్చే చేప గద్ద. అది దాదాపు చేపలే తింటుంది, పాముల జోలికి పోదు. "జొచ్చె" అని నేను తొందరపడి ఇచ్చాను. మీ పాదం దాన్ని సరిదిద్దింది.

తమ్ముడూ, మొదటి పాదంలో "కా"కు "ప" యతి కుదరదు. "పడకపై" బదులు "గదిలోన" అంటే సరిపోతుంది: "కాళ్ళనొప్పి బామ్మ గదిలోన నుండియే". మిగతాదేదీ ముట్టుకోకు. సమస్యను బామ్మ కేకగా మార్చడం మా ఎవరికీ తట్టలేదు.

గాజువాక మాస్టారు: ఒప్పుకుంటున్నానండీ. నలభై ఏళ్లుగా గరుడపక్షికి దణ్ణం పెడుతున్నాను, ఒక్కసారీ తోక వంక చూడలేదు. ఇవాళ సాయంత్రం మేడ ఎక్కుతాను.

మధురవాడ తమ్ముడు: సరిచేసిన పద్యం బామ్మకు చదివి వినిపించానండీ. ఆ పాము తోక తెడ్డులా బల్లపరుపుగా ఉందని అప్పుడే చెప్పింది, నేనే రాయలేదు. ఇప్పుడు కుర్చీ కిటికీ పక్కకు వేయించుకుంది.